రెండు శిబిరాల నడుమ ఒక అర్జీ
(కార్యకర్తల శిక్షణ తరగతిలో మా ప్రసంగ పాఠం)



రష్యా గొప్పదా, అమెరికా గొప్పదా అని ఒకప్పుడు మన వాడల్లో టీ తాగుతూ తగువులు పడేవాళ్ళం. వాళ్ళ వైరం ఎలా మొదలైందో చూద్దాం.

హిట్లర్ మీద యుద్ధంలో ఇద్దరిదీ ఒకే పక్షం. 1945 ఫిబ్రవరిలో యాల్టాలో స్టాలిన్, రూజ్వెల్ట్, చర్చిల్ కూర్చుని, ఓడబోయే జర్మనీని ఏం చెయ్యాలో మాట్లాడుకున్నారు. శత్రువు పోయాడు, పాలోళ్ళ తగాదా మొదలైంది. పోలండ్‌లో స్వేచ్ఛగా ఎన్నికలు జరిపిస్తానన్న మాట స్టాలిన్ తప్పాడు. రెండు కోట్లకు పైగా జనాన్ని పోగొట్టుకున్న రష్యాకి సరిహద్దు దేశాలు తన గుప్పిట్లో ఉంటేనే ధైర్యం. అమెరికా హిరోషిమా మీద అణుబాంబు వేసి, దాని కిటుకు తన దగ్గరే దాచుకుంది. 1947 మార్చిలో ట్రూమన్ గ్రీసు, టర్కీలకి 40 కోట్ల డాలర్లు అడుగుతూ, లోకంలో ఒకవైపు స్వేచ్ఛ, ఇంకోవైపు బలవంతం ఉన్నాయన్నాడు.

ఎవరి స్వేచ్ఛండీ అది? ఆ రోజుల్లో అమెరికా దక్షిణాది రాష్ట్రాల్లో నల్లవాళ్ళకి వేరే బడి, వేరే కుళాయి, బస్సులో వేరే సీటు. మన రెండు గ్లాసుల పద్ధతికి అన్నదమ్ముడే. ఆ అక్టోబరులోనే నల్లజాతి మేధావి డుబోయిస్ ఆధ్వర్యంలో తయారైన అర్జీని నల్లవాళ్ళ సంఘం ఐక్యరాజ్యసమితికి ఇచ్చింది. విచారించాలని రష్యా పట్టుబట్టింది. అమెరికా అడ్డుపడింది. అర్జీ మూలన పడింది.

రష్యాకి నల్లవాళ్ళ మీద అంత ప్రేమా అంటే, 1944 మేలో అదే స్టాలిన్ సుమారు 1,90,000 మంది క్రిమియా తాతార్లని మూడు రోజుల్లో రైలుపెట్టెల్లో కుక్కి దూరదేశానికి తోలేశాడు. వాళ్ళ అర్జీ పట్టుకునేవాడేడీ?

బాబాసాహెబ్‌కి ఈ సంగతి ముందే పట్టింది. నల్లవాళ్ళ ఇంకో సంఘం 1946లో సమితికి అర్జీ పెట్టిందని చదివి, దాని ప్రతులు రెండు మూడు పంపమని డుబోయిస్‌కి ఉత్తరం రాశారు. మన అంటరానివాళ్ళు కూడా అదే ఆలోచనలో ఉన్నారని చెప్పారు. జులై 31న డుబోయిస్ జవాబిచ్చారు, మనవాళ్ళ మీద సానుభూతి తెలిపారు. ఆ ఉత్తరం మాస్కోకి పోలేదు, వాషింగ్టన్ దొరలకీ పోలేదు, గమనించండి.

అయితే రష్యా ఎత్తిపొడుపు అమెరికాకి తగలకపోలేదు. వేరే బడుల కేసులో 1952 డిసెంబరులో అమెరికా ప్రభుత్వమే సుప్రీంకోర్టుకి చెప్పుకుంది: ఈ వివక్ష కమ్యూనిస్టుల ప్రచారానికి మేత అవుతోందని. 1954 మే 17న వేరే బడులు చెల్లవని తీర్పొచ్చింది. ఆ కేసు వేసింది మాత్రం నల్లపిల్లల తల్లిదండ్రులు. కోర్టులో నడిపింది వాళ్ళ సంఘం వకీళ్ళు.