తారకం సార్ మనకిచ్చిపోయిన ఆస్తి

(వేములవాడ సంస్మరణ సభలో ఒక ఉపాధ్యాయుని ప్రసంగ పాఠం)

 

బొజ్జా తారకం సార్ 2016 సెప్టెంబరు 16న మనల్ని విడిచిపోయిండు. ఫోటోకు దండేసి, జిందాబాద్ కొట్టి ఇంటికి పోతే అది యాది చేసుకున్నట్టు కాదు. ఆయన ఎట్ల బతికిండో మాట్లాడుకోవాలె.

సార్ 1939లో కోనసీమలోని కందికుప్పలో పుట్టిండు. తండ్రి అప్పలస్వామి అంబేద్కర్ పెట్టిన షెడ్యూల్డ్ కులాల ఫెడరేషన్ నాయకుడు, ఎమ్మెల్యే. పుట్టుక ఆ దిక్కైనా పని మన దిక్కు చేసిండు. నిజామాబాద్‌లో వకీలుగా ఉంటూ అంబేద్కర్ యువజన సంఘం పెట్టి పల్లెలు తిరిగిండు. ఎమర్జెన్సీలో జైలుకు పోయిండు.

1985 జూలై 17న కారంచేడులో భూస్వాములు ఆరుగురు మాదిగలను చంపినప్పుడు ఆయన హైకోర్టులో ప్రభుత్వ వకీలు. ఆ కొలువుకు రాజీనామా ఇచ్చి దళిత మహాసభలో నిలబడ్డడు. ఇంట్ల మొదటి డిగ్రీ, మొదటి సర్కారు జీతం చూసిన మనకు ఆ రాజీనామా బరువెంతో తెలుసు.

1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మందిని చంపిండ్రు. 2007లో ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవం వేసింది. 2014లో హైకోర్టు ఆ శిక్షలను కొట్టేసింది. అప్పటికి సార్‌కు డెబ్బై ఐదేండ్లు దగ్గర పడ్డయి. అయినా ఇగ చాలని కూసోలేదు.

ఇప్పుడు ఇంటి మాట. ఉద్యమకారుని గురించి చెప్పేటప్పుడు మన సభల్లో ఇంటి మాట రాదు. సార్ భార్య విజయభారతి బోయి భీమన్న బిడ్డ. తెలుగు అకాడమీలో పనిచేసింది. తెలుగులో అంబేద్కర్ జీవితం రాసింది. పురాణాలల్ల కులం ఎట్ల దాక్కున్నదో విప్పి చెప్పింది. 2024లో ఆమె కూడ పోయింది. ఆ ఇంట్ల ఇద్దరూ రాసిండ్రు. కొడుకు రాహుల్ ఐఏఎస్ అయిండు. మన ఇండ్లల్ల మొగోడు మీటింగుకు పోతే బీడీలు చుట్టి పొయ్యి వెలిగించేది ఎవరు? ఆమె పేరు ఏ కరపత్రంల ఉన్నది? మంచి భర్తను యాది చేసుకునుడంటే ఈ ప్రశ్న మనల్ని మనం అడుగుకునుడే.

సార్ రాసిన పుస్తకాలల్ల 'పోలీసులు అరెస్టు చేస్తే' ఒకటి. 1978లో సిరిసిల్ల, జగిత్యాల తాలూకాలను కల్లోలిత ప్రాంతమని ప్రకటించిన సంగతి ఇక్కడి పెద్దలకు ఎరుకే. ఖాకీ బట్ట కనబడితే చేన్లల్ల దాక్కున్న రోజులవి. భయం పోవాలంటే చట్టం తెలవాలె. పట్టుకుంటే ఎందుకు పట్టుకున్నరో చెప్పాలె. వకీలును కలవనియ్యాలె. ప్రయాణం పోను 24 గంటల్ల మేజిస్ట్రేటు ముందు నిలబెట్టాలె. ఇది రాజ్యాంగం 22వ అధికరణం. అట్రాసిటీ కేసు రాయడానికి ముందు విచారణ చేస్తమని తిప్పిపంపే హక్కు ఠాణాకు లేదు. 2018లో చట్టంలో చేర్చిన 18ఏ సెక్షన్ ఆ మాట చెప్తున్నది.

మన తాతలు వెట్టి చేసిండ్రు, మనకు జాగ ఇయ్యలేకపోయిండ్రు. ఈ తాత మన మనుమలకు చట్టం ఇచ్చిపోయిండు. గుంట భూమి లేని ఇంటికి కూడ ఇది ఆస్తే. కాని చదవకుంటే పడావు పడుతది.

అందుకే ఒక పని పెట్టుకుందాం. ప్రతి వాడల ఒక పిలగాడు, ఒక ఆడపిల్ల ఫిర్యాదు రాయడం నేర్చుకోవాలె. నేర్పే బాధ్యత సదువుకున్న మనది. దండ రేపటికి వాడిపోతది, నేర్చిన అక్షరం వాడిపోదు.

జై భీమ్!