బఫే బల్ల వద్ద మన వాటా

స్తుతులన్నీ ఆకలిని సృష్టించి, ఆ ఆకలికి అన్నాన్ని కూడా సృష్టించిన అల్లాహ్‌కే శోభిస్తాయి. ఆయన అంతిమ ప్రవక్త హజ్రత్ ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వసల్లం) పైన, వారి పరివారం పైన, సహచరులందరి పైన శాంతీ శుభాలూ వర్షించుగాక! అమ్మాబాద్.



మన తగరపువలస నుండి పలువురు యువకులు మధురవాడ, రుషికొండ కార్యాలయాలకూ, పైడిభీమవరం కర్మాగారాలకూ ప్రతిదినం వెళ్ళివస్తున్నారు. ఏడాదిలో రెండు మూడు పర్యాయాలైనా సహోద్యోగులతో కలసి ఏదో ఒక హోటలులో మధ్యాహ్న భోజనం చేయవలసి వస్తున్నది. అక్కడ ఇప్పుడు బఫే పద్ధతి. తలకు ఇంత అని సొమ్ము చెల్లిస్తే, బల్లపై ఉన్న పదార్థాలను ఎన్నిసార్లయినా వడ్డించుకోవచ్చు. ఇటీవల అస్ర్ నమాజు తరువాత ఇద్దరు యువకులు మా వద్ద కూర్చుని, "హజ్రత్, అటువంటి విందుకు వెళ్ళవచ్చునా?" అని ప్రశ్నించారు.

వెళ్ళవచ్చును. ముస్లిమేతర సోదరులతో కలసి భుజించడాన్ని ధర్మం నిషేధించలేదు. వారి ఆహ్వానాన్ని మన్నించి దైవప్రవక్త (స) ఆరగించిన ఉదంతాలు హదీసు గ్రంథాలలో ఉన్నాయి. అయితే మాంసం హలాల్ అవునో కాదో హోటలువారిని మర్యాదగా అడిగి తెలుసుకోవాలి. స్పష్టమైన సమాధానం రాకపోతే చేప ఉన్నది, పప్పు ఉన్నది, కూరగాయలున్నాయి, పెరుగన్నమున్నది. మద్యం అందించబడే బల్ల వద్ద కూర్చోరాదని దైవప్రవక్త (స) వారించిన సంగతి హజ్రత్ జాబిర్ (రజి) ఉల్లేఖించగా తిర్మిజీలో నమోదైనది. కనుక ఆ ఒక్క విషయాన్ని సహోద్యోగులకు ముందుగానే చెప్పాలి. చెబితే వారు అర్థం చేసుకుంటారు. మా అనుభవంలో మనం చెప్పడానికి సంకోచించినంతగా వారు వినడానికి సంకోచించరు.

ఎంత తింటామో ముందుగా తెలియకుండా ధర నిర్ణయించడం క్రయవిక్రయాలలో చెల్లుతుందా అని వారిలో ఒకరు అడిగారు. మంచి ప్రశ్న. అమ్మే సరుకు పరిమాణం తెలియకపోవడాన్ని మన ఫికహ్ శాస్త్రం సాధారణంగా దోషంగానే పరిగణిస్తుంది. కాని పూర్వకాలంలో ప్రజలు రుసుము చెల్లించి హమ్మాములో స్నానం చేసేవారు. ఎవరు ఎన్ని నీళ్ళు పోసుకుంటారో ఎవరికీ తెలియదు. అయినా లోకాచారాన్ని బట్టి, తగవులకు దారితీయని స్వల్ప అస్పష్టత గనుక, ధర్మవేత్తలు దానిని అనుమతించారు. మదరసాలలో మనం చదువుకునే హిదాయా గ్రంథంలో కూడా హమ్మాము రుసుము ప్రస్తావన ఉన్నది. బఫే భోజనాన్ని దానితో పోల్చుకోవచ్చును.

ఇంతవరకు మేము సునాయాసంగా చెప్పగలిగాము. మిగిలినది చెప్పడం మాకు కొంత కష్టం.

కొంతకాలం క్రితం మేము ఉర్దూ బోధించే పాఠశాలలో ఒక ఉపాధ్యాయుడు పదవీ విరమణ చేశారు. అందరం సమానంగా చందా వేసుకుని, విశాఖపట్నం వెళ్ళే రహదారి పక్కనున్న ఒక హోటలుకు భోజనానికి వెళ్ళాము. ఆ రోజు శుక్రవారం. మా జుమా నమాజు కోసం మిగిలిన ఇరవై మంది రెండున్నర గంటల వరకు ఆకలితో వేచియున్నారు. ఆ సౌజన్యాన్ని ముందుగా మీకు చెప్పడం మా ధర్మం.

మాంసం గురించి నిశ్చయంగా తెలియనందున మేము చేపల వైపు వెళ్ళాము. వేయించిన వంజరం ముక్కలు ఒక పళ్ళెంలో ఉన్నాయి. సరిగా నాలుగే మిగిలినవి. మా పళ్ళెంలో అప్పటికే పులావు, పనీరు కూర ఉన్నాయి. అయినా మనస్సు ఒక వాదం లేవదీసింది: "ఇతరులకు కోడి ఉన్నది, మేక ఉన్నది. మనకు ఉన్నది ఇదొక్కటే. సొమ్ము అందరితో సమానంగానే చెల్లించాము." నాలుగు ముక్కలూ తీసుకున్నాము. వెనుదిరిగి చూడగా మా పాఠశాలలో ఆయాగా పనిచేసే సోదరి ఖాళీ పళ్ళెంతో నిలబడియున్నారు. ఆమె కూడా మాతో సమానంగా చందా ఇచ్చినవారే. "పర్లేదు మాస్టారూ, ఇంకా తెస్తారట" అని ఆమె పక్కకు జరిగారు.

ఆ క్షణంలోనైనా రెండు ముక్కలు ఆమె పళ్ళెంలో వేయవలసినది. వేయలేదు. సిగ్గుపడి వెళ్ళి కూర్చున్నాము. బిస్మిల్లాహ్ అని ఆరంభించాము కూడా. రెండు ముక్కలు తినేసరికి కడుపు నిండినది. మిగిలిన రెండూ పులావులో, కూరలో కలసి ఎంగిలి అయిపోయాయి. ఇక ఎవరికీ ఇవ్వడానికి పనికిరావు. పొట్లం కట్టి ఇమ్మని అడిగితే, వడ్డించే యువకుడు గోడపై ఉన్న బోర్డు చూపించాడు. బఫే పదార్థాలకు పార్సిలు లేదు. కొత్త చేపలు వచ్చేసరికి ఇరవై నిమిషాలు గడిచాయి. అప్పటికి ఆ సోదరి పప్పన్నం, పెరుగన్నం ముగించి చేయి కడుగుకున్నారు. మా రెండు ముక్కలు చెత్తడబ్బాలోకి వెళ్ళాయి.

సోదరులారా! ఆ బోర్డును చూసి మేము హోటలువారిని తప్పుపట్టలేదు. మన ధర్మశాస్త్రంలో ఇబాహత్ వేరు, తమ్లీక్ వేరు. తమ్లీక్ అనగా వస్తువుకు యజమానిని చేయడం. ఇబాహత్ అనగా అనుభవించడానికి అనుమతినివ్వడం. అతిథి ముందుంచిన భోజనం ఇబాహత్ మాత్రమేనని హనఫీ ధర్మవేత్తలు చెప్పారు. అతిథి దానిని కడుపునిండా తినవచ్చును. ఆతిథేయి అనుమతి లేకుండా ఇంటికి తీసుకుపోరాదు, వాకిట్లో నిలిచిన యాచకునికి సైతం ఇవ్వరాదు. బఫేలో మనం చెల్లించే సొమ్ము కూడా ఇంచుమించు ఇటువంటి అనుమతి కొరకే. బల్లపై ఉన్నదంతా మన సొత్తు కాదు. అక్కడ కూర్చుని తినగలిగినదే మన వాటా. ఆ రెండు చేప ముక్కలు మావి కాలేదు, ఇతరులవి కాకుండా పోయాయి.

ఒక హదీసును ముప్పై ఏళ్ళుగా పిల్లలకు బోధిస్తున్నాము. హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ జుబైర్ (రజి) కాలంలో ఒక కరవు సంవత్సరం. ప్రజలకు ఖర్జూరాలు పంచారు. వారు కూర్చుని తింటుండగా హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ ఉమర్ (రజి) ఆ దారిన వెళుతూ, రెండేసి ఖర్జూరాలను జతచేసి తినవద్దని హెచ్చరించేవారు. తోటివాని అనుమతి పొందితే తప్ప అలా తినడాన్ని దైవప్రవక్త (స) నిషేధించారని వారు గుర్తుచేసేవారు. బుఖారీ, ముస్లిం గ్రంథాలు రెంటిలోనూ ఈ హదీసు ఉన్నది. కరవు రోజులకు మాత్రమే ఈ నియమం వర్తిస్తుందని కొందరు పండితులు అభిప్రాయపడ్డారు. ఆహారం అందరి ఉమ్మడి సొత్తు అయినప్పుడు అనుమతి తప్పనిసరి అని ఇమామ్ నవవీ (రహ్మ) వివరించారు. బఫే బల్ల మీద కరవు ఎక్కడిదని అనుకోవచ్చును. ఆ పూట వంజరం పళ్ళెం దగ్గర కరవే వచ్చినది. ఆ సోదరి మా వెనుకనే ఉన్నారు. "అమ్మా, మీకూ కావాలా?" అన్న ఒక్క మాటే అనుమతి అడగడమవుతుంది. ఆ ఒక్క మాట మా నోట రాలేదు.

దైవప్రవక్త (స) సంరక్షణలో పెరిగిన బాలుడు ఉమర్ బిన్ అబీ సలమా (రజి) చేయి భోజన పాత్రలో అటూ ఇటూ తిరుగుతుంటే, అల్లాహ్ నామం స్మరించి, కుడిచేతితో, నీ దగ్గరున్న వైపు నుండి తినమని ప్రవక్త (స) నేర్పారు. వేర్వేరు రకాల పదార్థాలున్న పళ్ళెంలో ఇష్టమైన చోట నుండి తినవచ్చునని మరొక ఉల్లేఖనం ఉన్నది. బఫే ప్రియులకు అది నచ్చుతుంది గాని, దాని పరంపర బలహీనమైనదని కూడా తెలుసుకోవాలి.

మన జమాఅత్‌లోని పెద్దలు కొందరు చిట్టివలస జూట్ మిల్లులో పనిచేసినవారు. ఆ మిల్లు 2009లో మూతబడినది. మధ్యాహ్న విరామంలో క్యారేజీలు విప్పి, హిందువులూ ముస్లిములూ అందరూ కూరలు కలుపుకుని తినేవారమని వారు చెబుతుంటారు. గిన్నెలో అడుగు కనబడితే ఎవరూ చేయి పెట్టేవారు కాదట. చివరి ముక్క "నువ్వు తిను, నువ్వు తిను" అంటూ తిరిగి తిరిగి చల్లబడిపోయేదట. వారిలో ఎంతమంది ఖర్జూరాల హదీసు విన్నారో మాకు తెలియదు. మేము విన్నాము, చదివాము, బోధించాము.

దుబారా హోటళ్ళకే పరిమితమని కూడా భావించరాదు. ఐక్యరాజ్యసమితి పర్యావరణ విభాగం 2024లో వెలువరించిన నివేదిక ప్రకారం, 2022లో ప్రపంచవ్యాప్తంగా 105 కోట్ల టన్నుల ఆహారం వృథా అయినది. అందులో హోటళ్ళు, క్యాంటీన్ల వంటి భోజనశాలల వంతు నూటికి 28 కాగా, ఇళ్ళ వంతు నూటికి 60. మన వలీమా విందులలో బిర్యానీ డేగిషాలు ఖాళీ అయ్యాక పళ్ళేలలో మిగిలేది ఎంతో వాటిని కడిగేవారిని అడిగితే చెబుతారు.

ఒకనాడు ఆకలి బాధకు తాళలేక దైవప్రవక్త (స), హజ్రత్ అబూబక్ర్ (రజి), హజ్రత్ ఉమర్ (రజి) ముగ్గురూ ఇళ్ళ నుండి బయటకు వచ్చారు. ఒక అన్సారీ సహచరుడు వారికి ఒకే గెలలో పచ్చివి, పండినవి, ఎండినవి అయిన ఖర్జూరాలు తెచ్చి పెట్టారు. పిమ్మట మాంసం వండించారు, చల్లని నీరు ఇచ్చారు. తృప్తిగా తిన్న తరువాత, ఈ అనుగ్రహం గురించి ప్రళయదినాన మీరు ప్రశ్నించబడతారని ప్రవక్త (స) తమ ఇద్దరు సహచరులతో అన్నారు. ఆకలితో వచ్చి తిన్న భోజనానికే లెక్క ఉన్నప్పుడు, ఆకలి తీరిన తరువాత తీసుకుని పారవేసిన దానికి మేమేమి జవాబు చెప్పగలము?

అల్లాహ్ ఎడల జరిగిన లోపానికి తౌబా ఉన్నది. సాటి మనిషి హక్కుకు నష్టం కలిగిస్తే ఆ మనిషి కూడా క్షమించాలి. ఆమె ముస్లిం కాకపోయినా ఈ నియమంలో మార్పు లేదు. అందువలన సోమవారం పాఠశాలకు వెళ్ళి, ఆ సోదరిని కలసి, జరిగినది చెప్పి క్షమాపణ కోరాము. ఆమె నవ్వి, "చేప ముక్కకి క్షమాపణ ఏంటి మాస్టారూ!" అని చీపురు తీసుకుని వెళ్ళిపోయారు. ఆ నవ్వు క్షమించినట్లో, మాట దాటవేసినట్లో మాకు ఈనాటికీ తెలియదు. మరల అడగాలనే అనుకుంటున్నాము.

ఇక సున్నత్ నమాజులు చేసుకోండి. పిమ్మట అరబీ ఖుత్బా, జమాఅత్ ఉంటాయి.