వెయ్యికి ఎంతమంది?

(సత్తుపల్లిలో, కొత్తగా చదువు నేర్చిన మహిళలకు చేసిన ప్రసంగం)



మీరు చదువు నేర్చుకున్నారు. కూలి లెక్క చూసుకుంటున్నారు. పొదుపు లెక్క రాసుకుంటున్నారు. ఈరోజు ఇంకో లెక్క చెప్పుకుందాం. అది జ్వరం లెక్క.

మన సత్తుపల్లి దాటి దమ్మపేట, అశ్వారావుపేట, భద్రాచలం వైపు పోతే అడవి, వాగులు. వానలు పడ్డాక చలిజ్వరం వస్తుందని మన అమ్మమ్మలకు కూడా తెలుసు. చలి పుడుతుంది. ఒళ్ళు వణుకుతుంది. జ్వరం కాస్తుంది. చెమట పట్టి దిగుతుంది. మళ్ళీ వస్తుంది. అదే మలేరియా. రొనాల్డ్ రాస్ అనే డాక్టరు దోమ కడుపులో మలేరియా క్రిమిని కనిపెట్టింది మన సికింద్రాబాదులోనే. అది 1897 ఆగస్టు 20.

"ఈ ఏడు మా ఊళ్ళో జ్వరాలు ఎక్కువ" అని మనం అంటుంటాం. ఎక్కువ అంటే ఎంత? దేనికన్నా ఎక్కువ?

ఒక ఊరు అనుకోండి. జనం 3,000 మంది. ఏడాదిలో 12 మందికి మలేరియా వచ్చింది. పక్కనే ఒక గూడెం. జనం 200 మంది. అక్కడ 6 మందికి వచ్చింది. జబ్బు ఎక్కడ ఎక్కువ?

12 పెద్దది కాబట్టి ఊళ్ళోనే ఎక్కువ అంటారు కొందరు. ఆగండి. వెయ్యిమందికి ఎంతో చూద్దాం.

ఊళ్ళో మూడు వేలమందికి 12. అంటే వెయ్యికి 4.

గూడెంలో రెండు వందలమందికి 6. వెయ్యిలో ఐదు రెండు వందలు ఉంటాయి. ఆరు ఐదులు 30. అంటే వెయ్యికి 30.

చూశారా! జబ్బు గూడెంలోనే ఎక్కువ. కేసులే చూసి, జనాన్ని చూడకపోతే గూడెం వెనక్కు పోతుంది.

ఆరోగ్యశాఖ వాళ్ళు కూడా ఇదే లెక్క వేస్తారు. ఏడాదిలో వెయ్యిమందికి ఎంతమందికి మలేరియా తేలిందో చూస్తారు. 2016లో మలేరియాను దేశంలో లేకుండా చేయాలని ప్రణాళిక వేశారు. అందులో వెయ్యికి 1 అనేది హద్దు. ఆ హద్దు దాటిన చోట దోమల మందు చల్లడం, దోమతెరలు ఇవ్వడం మీద ఎక్కువ శ్రద్ధ పెట్టాలి. అంటే ఈ అంకెను బట్టే మన ఇంటికి దోమతెర వస్తుంది.

జబ్బు తగ్గిందో పెరిగిందో చెప్పేది కూడా లెక్కే. 1947లో మన దేశంలో ఏడాదికి సుమారు ఏడున్నర కోట్ల మందికి మలేరియా వచ్చేదని అంచనా. 8 లక్షల మంది చనిపోయేవారు. 1953లో ప్రభుత్వం మలేరియా కార్యక్రమం మొదలుపెట్టింది. ఊరూరా డి.డి.టి. చల్లారు. 1961 నాటికి కేసులు సుమారు 50,000కు దిగాయి. ఇక పీడ వదిలిందనుకున్నారు. జాగ్రత్త తగ్గింది. దోమలు మందుకు తట్టుకోవడం నేర్చాయి. 1976లో కేసులు మళ్ళీ 64 లక్షలు దాటాయి. తగ్గినంత మాత్రాన లెక్క ఆపకూడదు.

ఇంకో సంగతి. ఒక గూడెం పేరు ఎదురుగా సున్నా రాసి ఉంది. మలేరియా లేదని సంతోషపడదామా? ముందు ఒక మాట అడగాలి. "అక్కడ ఎంతమంది రక్తం చూశారు?" ఎవరి రక్తమూ చూడకపోతే సున్నా కాక ఇంకేం వస్తుంది? అది జబ్బు లేని సున్నా కాదు, చూడని సున్నా. అందుకే ఏడాదిలో నూటికి కనీసం పదిమంది రక్తం చూడాలని నియమం పెట్టారు.

మనం ఏం చేస్తున్నాం? జ్వరం రాగానే ఎవరిచేతనో సూది వేయించుకుంటాం. రక్తం చూపించుకోం. ఆ జ్వరం లెక్కలోకి రాదు. అది మలేరియా అయితే సరైన మందూ పడదు. కాబట్టి జ్వరం వస్తే ఆశా కార్యకర్త దగ్గరకో, ప్రభుత్వ ఆసుపత్రికో పోయి రక్తం చూపించుకోండి. మలేరియా అని తేలితే, జ్వరం దిగినా సరే, ఇచ్చిన మాత్రలన్నీ చెప్పినన్ని రోజులు మింగండి.

మిరప ఏరడానికి ఛత్తీస్‌గఢ్ నుంచి కూలీలు వస్తారు. వాళ్ళలో జ్వరం వచ్చినవాళ్ళను లెక్క రాస్తే, వాళ్ళందరి తలలూ లెక్క రాయాలి. లేకపోతే వెయ్యికి ఎంతో సరిగ్గా తేలదు. వాళ్ళ రక్తమూ చూడాలి. దోమకు మన ఊరు, పరాయి ఊరు అని లేదు.

మరో తేడా కూడా తెలుసుకోండి. చెరువులోకి ఈ ఏడు కొత్తగా వచ్చిన నీళ్ళు వేరు. చెరువులో నిలిచి ఉన్న నీళ్ళు వేరు. జబ్బులూ అంతే. మలేరియాకు ఈ ఏడు కొత్తగా ఎంతమందికి వచ్చిందో లెక్క పెడతాం. బోదకాలు వాపు ఏళ్ళ తరబడి ఉంటుంది. దానికి ఇప్పుడు ఊళ్ళో ఎంతమందికి ఉందో కూడా లెక్క పెట్టాలి. కొత్తవాళ్ళ లెక్క, ఉన్నవాళ్ళ లెక్క కలిపేయకూడదు.

ఈ లెక్క మీరూ రాయవచ్చు. ఒక నోటుబుక్కు తీసుకోండి. నాలుగు గడులు గీయండి. నెల, ఊరి జనం, రక్తం చూసినవారు, మలేరియా తేలినవారు. ఎవరి పేరూ రాయవద్దు. అంకెలు చాలు. గ్రామసభలో లేచి ఆ అంకెలు చదవండి. "మా గూడెంలో జ్వరాలు ఎక్కువ" అంటే "చూద్దాంలే" అంటారు. "మా గూడెంలో వెయ్యికి 30" అంటే జవాబు చెప్పక తప్పదు.

లెక్క చేయండి:

ఒక గూడెంలో 500 మంది ఉన్నారు. ఏడాదిలో 60 మంది రక్తం చూశారు. 4 మందికి మలేరియా తేలింది.

1. వెయ్యికి ఎంతమంది?

2. నూటికి పదిమంది రక్తం చూశారా?

3. మీ ఊళ్ళో పోయిన ఏడాది ఎంతమంది రక్తం చూశారు? అడిగి తెలుసుకోండి.