గ్రాంటు అయిపోయిన మర్నాడు

విదేశీ విశ్వవిద్యాలయాలతో మన విశ్వవిద్యాలయాల పొత్తు, దానికి వచ్చే గ్రాంట్లు, వాటివల్ల చదువుల్లో వచ్చే మార్పు గురించి చెప్పమన్నారు. ఈ విషయం బాపట్లలో చెప్పాల్సి రావడం నాకు కలిసొచ్చింది. ఎందుకో కాసేపట్లో మీకే తెలుస్తుంది. ముందుగా ఒక భ్రమ వదిలించుకుందాం. ఎవరో విదేశీ ఆచార్యుడు, మన వైస్ ఛాన్సలర్ పక్కపక్కన నిలబడి, అట్ట ఫైళ్లు మార్చుకుంటూ పేపర్లో ఫొటో పడుతుంది. కింద 'ఫలానా యూనివర్సిటీతో ఒప్పందం' అని ఉంటుంది. దాన్ని చూసి మన పిల్లల చదువు మారిపోతుందని తల్లిదండ్రులు సంబరపడతారు. అయ్యా, ఎంఓయూ అనే ఈ అవగాహన ఒప్పందం పెళ్లిచూపులు. తాంబూలాలు కూడా కాదు. అందులో ఒక్క రూపాయి ఉండదు, ఒక్క పోస్టు ఉండదు, ఎవరు ఏ తేదీలోగా ఏం చేయాలో ఉండదు. రెండో భ్రమ ఇంకా గట్టిది: డబ్బొస్తే విశ్వవిద్యాలయం బాగుపడుతుందని. డబ్బొస్తే భవనం లేస్తుంది, యంత్రాలొస్తాయి. విశ్వవిద్యాలయం బాగుపడిందో లేదో తెలిసేది గ్రాంటు గడువు ముగిసిన మర్నాడు. ఆ రోజు ఆ పని చేసే మనిషికి జీతం ఎవరిస్తారు? ఈ సాయంత్రం నేను చెప్పదలచుకున్నదంతా ఈ ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది.

మీ ఊరి వ్యవసాయ కళాశాల 1945 నాటిది. ఆ రోజుల్లో మన దేశంలో పాఠం చెప్పేవాళ్లు ఒక చోట, పరిశోధన చేసేవాళ్లు మరో చోట, రైతు దగ్గరికి వెళ్లేవాళ్లు వేరే శాఖలో ఉండేవారు. అమెరికాలో ఈ మూడింటినీ కలిపి కట్టారు. 1862లో మోరిల్ చట్టం ప్రభుత్వ భూములిచ్చి కళాశాలలు పెట్టించింది, 1887లో హాచ్ చట్టం వాటికి పరిశోధన క్షేత్రాలు చేర్చింది, 1914లో స్మిత్-లీవర్ చట్టం వాటిని రైతు గడపదాకా తీసుకెళ్లింది. మూడు ముడులు వేయడానికి వాళ్లకు అర్ధ శతాబ్దం పైన పట్టింది. 1948–49లో రాధాకృష్ణన్ కమిషన్ మనకూ గ్రామీణ విశ్వవిద్యాలయాలు కావాలని చెప్పింది. 1960లో పంత్‌నగర్ మొదలైంది. అమెరికా ప్రభుత్వ సహాయ నిధితో అక్కడి విశ్వవిద్యాలయాలు ఒక్కొక్కటీ మన రాష్ట్రాల చేయి పట్టుకున్నాయి. పంత్‌నగర్‌కు ఇలినాయ్, పంజాబ్‌కు ఒహాయో, మైసూరుకు టెన్నెసీ, ఒరిస్సాకు మిజోరి, మనకు కాన్సస్ స్టేట్. 1964లో హైదరాబాదులోని రాజేంద్రనగర్ కేంద్రంగా ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ విశ్వవిద్యాలయం ఏర్పడింది, 1965 మార్చిలో లాల్ బహదూర్ శాస్త్రి వచ్చి ప్రారంభించారు. మీ కళాశాల ఆ గూటికి చేరింది. 1996లో దానికి ఎన్.జి. రంగా గారి పేరు పెట్టారు, రాష్ట్రం విడిపోయాక తెలంగాణ భాగం జయశంకర్ గారి పేరుతో వేరైంది. అమెరికా సాయం 1970ల మొదట్లోనే ఆగిపోయింది. విశ్వవిద్యాలయం మాత్రం ఆగలేదు. ఎందుకు ఆగలేదన్నది ఆలోచించాలి.

దానికి పునాది అమెరికా డబ్బు కాదు, మన శాసనసభ చేసిన చట్టం. పోస్టులు మన బడ్జెట్లో ఉన్నాయి, పరిశోధన కేంద్రాల భూములు మనవి. కాన్సస్ ఆచార్యులు వారం రోజుల సదస్సుకు వచ్చి శాలువా కప్పించుకుని వెళ్లలేదు, ఇక్కడ సంసారాలు పెట్టి ఏళ్ల తరబడి ఉన్నారు. మన అధ్యాపకులు తమ ఉద్యోగం పదిలంగా ఉండగా కాన్సస్ వెళ్లి పైచదువులు చదివి, మళ్లీ తమ కుర్చీల్లోకే వచ్చారు. ఆ పొత్తులో వచ్చిన అతి విలువైన మార్పుకు డాలరు ఖర్చు కాలేదు. పాఠం చెప్పినవాడే ప్రశ్నపత్రం తయారుచేసి, అతడే దిద్ది మార్కులు వేయడం, ఏడాది చివర ఒకే పెద్ద పరీక్ష బదులు కోర్సుకో పరీక్ష పెట్టడం ఆ మార్పు. ఊరూపేరూ తెలియని పరీక్షకుడు ఎక్కడో కూర్చుని దిద్దడమే న్యాయమని నమ్మిన దేశంలో ఇది చిన్న విషయం కాదు. గురువును నమ్మాలి, ఆ నమ్మకానికి తగ్గట్టు గురువూ ఉండాలి. ఇది గ్రాంటుతో కొనగలిగే వస్తువు కాదు. అదే ఒప్పందంలో కొనలేనిది మరొకటి కూడా ఉంది. అమెరికా పద్ధతిలో వ్యవసాయ విస్తరణ విశ్వవిద్యాలయానిదే. మన దగ్గర పరిశోధన కేంద్రాలు విశ్వవిద్యాలయానికి వచ్చాయి కానీ, ఊళ్లలో తిరిగే విస్తరణ సిబ్బంది వ్యవసాయ శాఖలోనే ఉండిపోయారు. ఎన్ని డాలర్లు వచ్చినా ఆ గోడ కూలలేదు. ఇంట్లోవాళ్లు ఒప్పుకున్న సంస్కరణే జరుగుతుంది. ఒప్పుకోనిది నివేదికల్లో సిఫారసుగా మిగులుతుంది.

ఇప్పుడు మీ ఊరి బియ్యం దగ్గరికి వస్తాను. బీపీటీ 5204, అంటే సాంబ మసూరి. సోనా మసూరి కాదు, దయచేసి రెండూ ఒకటే అనకండి. సోనా మసూరి బీపీటీ 3291, అదీ మీ ఊరిదే, కానీ వేరు. సాంబ మసూరి 1986లో విడుదలైంది. ఈ బియ్యం పూర్తిగా మన మట్టిలో పుట్టిందనీ, విదేశీ వాసన తగలలేదనీ గర్వంగా చెప్పేవాళ్లున్నారు. గర్వం సరైనదే, కారణం తప్పు. దాని వంశం చూడండి. ఒక పాయ జీఈబీ 24, కోయంబత్తూరులో 1920లలో వచ్చింది. ఇంకో పాయ తైచుంగ్ నేటివ్ 1, తైవాన్ పొట్టి రకం. మూడో పాయ మసూరి. ఈ మసూరి కథ వింటే గ్రాంట్ల విషయం సగం అర్థమైనట్టే. 1950లలో ఐక్యరాజ్య సమితి ఆహార వ్యవసాయ సంస్థ కటక్‌లోని వరి పరిశోధన సంస్థలో ఒక అంతర్జాతీయ పథకం నడిపింది. జపాన్ తరహా వరిని మన ఇండికా వరితో సంకరం చేసి, ఎరువుకు బాగా స్పందించే రకాలు తీయాలన్నది సంకల్పం. ఆసియా దేశాలు తమ రకాలు పంపాయి, సంకరాలు కటక్‌లో చేసి విత్తనం తిరిగి ఎవరి దేశానికి వాళ్లకు పంపారు. వందల సంకరాలు చేస్తే, రైతు పొలంలో నిలిచిన రకాలు వేళ్ల మీద లెక్కపెట్టేన్ని. మన తంజావూరుకు ఏడీటీ 27 వచ్చింది. మలేసియా వరి మయాంగ్ ఎబోస్‌ను తైచుంగ్ 65తో కలిపిన సంకరం మలేసియా చేరి, అక్కడ ఏళ్ల ఎంపిక తర్వాత 1965లో మసూరి పేరుతో విడుదలైంది. అక్కడి నుంచి మళ్లీ మన దేశానికి వచ్చింది. పొడుగ్గా పెరిగి గాలికి పడిపోయే గుణం ఉన్నా, అన్నం బాగుంటుందని కోస్తా రైతులు దాన్ని వదల్లేదు. దాన్ని తల్లిదండ్రుల్లో ఒకటిగా పెట్టుకుని బాపట్ల శాస్త్రవేత్తలు ఏళ్ల తరబడి సాధించినదే మీ కంచంలోని సాంబ మసూరి.

ఇక్కడ లెక్క కట్టండి. కటక్ పథకం పేరున ఆనాడే ఎవరైనా వినియోగ ధ్రువపత్రం రాసి, ఫలితాలు చెప్పమంటే ఏం రాసేవారు? పెట్టిన ఖర్చుకు, చేసిన సంకరాలకు, దక్కింది స్వల్పం అనేవారు. మసూరి విడుదలకు, సాంబ మసూరి విడుదలకు మధ్య 21 ఏళ్లు. మూడేళ్ల గ్రాంటు, ఐదేళ్ల గ్రాంటు ఉంటాయి కానీ, 21 ఏళ్ల గ్రాంటు లోకంలో ఎక్కడుంది? ఆ 21 ఏళ్లూ విత్తనం చావకుండా, మడి ఎండకుండా, రికార్డు పుస్తకం చెదలు పట్టకుండా చూసినవాళ్లు గ్రాంటు మీద బతికినవాళ్లు కారు. ప్రతి నెలా ఒకటో తారీకున సర్కారు జీతం తీసుకుంటూ అదే మడిలో దిగినవాళ్లు. గ్రాంటు పనికిరాదని కాదు నేననేది. కటక్ పథకం లేకపోతే మసూరి లేదు. గ్రాంటు విత్తనం తెస్తుంది, దాన్ని నాటి సాకడం ఇంటి ఖర్చులోనే ఉండాలి. 2008లో సాంబ మసూరికే బాక్టీరియా ఎండుతెగులు తట్టుకునే గుణం కలిపి హైదరాబాదు శాస్త్రవేత్తలు మెరుగైన సాంబ మసూరి ఇచ్చారు. అందులోని ఒక జన్యువు ఆఫ్రికా అడవి వరిది. కణ, అణు జీవశాస్త్ర కేంద్రం (సీసీఎంబీ), హైదరాబాదు వరి పరిశోధన సంస్థ రెండూ స్థిరమైన సంస్థలు కాబట్టే అది సాగింది.

విదేశీ డబ్బు వస్తే విదేశీ పెత్తనం రాదా అని అడుగుతారు. అడగాల్సిన ప్రశ్నే. ప్రచ్ఛన్న యుద్ధ కాలంలో అమెరికాకు తన లెక్కలున్నాయి, దాచుకోలేదు కూడా. అయితే ఆ డబ్బు ఎవరిదో ముందు తెలుసుకుందాం. 1954 నాటి పీఎల్ 480 చట్టం కింద మనం గోధుమలు కొని రూపాయల్లో చెల్లించాం. ఆ రూపాయలు ఇక్కడే పోగుపడ్డాయి. 1974లో అమెరికా రాయబారి మొయినిహాన్ మన ప్రభుత్వానికి 1,664 కోట్ల రూపాయల చెక్కు తిరిగి ఇచ్చేంతగా పోగుపడ్డాయి. ఆ రూపాయలతోనే అమెరికా గ్రంథాలయాలకు 1962 నుంచి మన భాషల పుస్తకాలు కొన్నారు. మన నవలలు, కవితా సంపుటాలు అక్కడి అరల్లోకి చేరి, అక్కడ తెలుగు పాఠాలకు ఆధారమయ్యాయి. ఆ రూపాయలతోనే 1964లో ఉస్మానియా ఆవరణలో అమెరికన్ అధ్యయన పరిశోధన కేంద్రం వెలిసింది. దేశం నలుమూలల నుంచి పరిశోధకులు అక్కడికొచ్చి చదువుకునేవారు, అంత గొప్ప గ్రంథాలయం. మరి పెత్తనం ఏమైంది? ఆ కేంద్రాన్ని దెబ్బతీసింది పెత్తనం కాదు, రూపాయల పోగు తరిగిపోవడం. డబ్బు తగ్గాక పేర్లు మార్చుకుంటూ, చిన్నదవుతూ, చివరికి ఉస్మానియాలో ఒక విభాగమైంది. అదే ఊళ్లో రాజేంద్రనగర్ ఏమయిందో, ఉస్మానియా కేంద్రం ఏమయిందో పక్కపక్కన పెట్టి చూడండి. ఇద్దరికీ దాత ఒకరే, ఏళ్లూ ఇంచుమించు అవే. జీతాల పట్టీ ఒకరికి సొంతం, ఒకరికి అరువు.

ప్రపంచ బ్యాంకు 'గ్రాంటు' అనే మాట పేపర్లో చూసినప్పుడల్లా నాకు కష్టంగా ఉంటుంది. అది అప్పు. కాలేజీకి గ్రాంటుగా చేరినా, దేశం తీర్చాల్సిన అప్పే. ఆ అప్పుతో ఇంజనీరింగ్ కాలేజీల నాణ్యత పెంచడానికి టెక్విప్ అనే పథకం మూడు దశలు నడిచింది. చివరిది 2017లో మొదలై 2021లో ముగిసింది. ఐఐటీల్లో, ఎన్ఐటీల్లో చదివిన 1,500 మందికి పైగా యువకుల్ని బీహార్, జార్ఖండ్, రాజస్థాన్ వంటి రాష్ట్రాల ప్రభుత్వ కాలేజీల్లో అధ్యాపకులుగా పెట్టారు. ఖాళీ తరగతుల్లో పాఠం మొదలైంది. నిజంగా మంచి పని. మంచివాళ్లను రాష్ట్రాలు తమ పోస్టుల్లోకి తీసుకోవాలన్న ఆశ ముందునుంచీ ఉంది. పోస్టులు మాత్రం మంజూరు కాలేదు. 2021 సెప్టెంబరు 30తో పథకం ముగిసింది, చాలామంది పెట్టె సర్దుకున్నారు. సగం సిలబస్సుతో ఆగిపోయిన విద్యార్థికి ఏ నివేదికలోనూ చోటు లేదు.

మిగతావి త్వరగా చెబుతాను, అధ్యక్షులు గడియారం వైపు చూస్తున్నారు. పైచదువులకు విదేశాలకు వెళ్లినవాళ్లు తిరిగిరారు కదా అంటారు. 1960లలో అధ్యాపకులుగా వెళ్లినవాళ్లలో చాలామంది తిరిగొచ్చారు, వాళ్ల కోసం కుర్చీ ఖాళీగా ఉంచారు కాబట్టి. కుర్చీ లేకుండా పంపి రమ్మనడం న్యాయం కాదు. ఐరోపా వాళ్ల సంగతి చూస్తే, 1990లో పోలండ్, హంగరీ వంటి దేశాల కోసం టెంపస్ పథకం పెట్టి 2013 దాకా నడిపారు, తర్వాత అది ఎరాస్మస్ ప్లస్‌లో కలిసింది. 2014–2020 దశలో యంత్రాలకు గ్రాంటులో 30 శాతం మించి ఖర్చు పెట్టకూడదని గట్టి నిబంధన పెట్టారు. నాకు ఎంతో నచ్చిన నిబంధన అది, మన పథకాలన్నిటికీ కావాలి. సొంత డబ్బే చాలదా అంటారా? రాష్ట్రాల ఉన్నత విద్య కోసం 2013లో రూసా, 2023లో 12,926 కోట్లతో పీఎం-ఉషా మన డబ్బుతోనే వచ్చాయి. ఢిల్లీ నుంచి వచ్చినా, వాషింగ్టన్ నుంచి వచ్చినా, గడువున్న డబ్బు గడువున్న డబ్బే. అధ్యాపక పోస్టులు ఖాళీగా పెట్టుకుని భవనానికి గ్రాంటు అడగడం రెండు చోట్లా ఒకే తప్పు.

చివరగా కాన్సస్. 2025లో అమెరికా ప్రభుత్వం విదేశీ సహాయ సంస్థ యూఎస్ఎయిడ్‌ను ఎత్తేసింది, జులై 1తో అది సహాయ కార్యక్రమాలు నడపడం మానేసింది. దాని నిధులతో అమెరికా వ్యవసాయ విశ్వవిద్యాలయాల్లో నడిచిన ప్రయోగశాలల్లో చాలావాటికి అంతకు ముందే తాళం పడింది. మనకు పాఠాలు నేర్పిన కాన్సస్ స్టేట్‌లో జొన్నలు, చిరుధాన్యాలు వంటి ధాన్యపు పంటల మీద పనిచేసిన ప్రయోగశాల కూడా వాటిలో ఒకటి. 1863 నుంచి ఉన్న ఆ విశ్వవిద్యాలయానికి ఏమీ కాలేదు. గ్రాంటులో జీతం ఉన్నవాళ్లే వెళ్లిపోవాల్సి వచ్చింది. మీ కళాశాలకు రేపు ఏ దేశం వాళ్లొచ్చినా, ఫొటో దిగేముందు ఆ పత్రంలో నాలుగో ఏట జీతం ఏ పద్దులో ఉందో చదివి వినిపించమని అడగండి. ఇక మీ ప్రశ్నలు చీటీల మీద రాసి పంపండి, ఓపిగ్గా జవాబు చెబుతాను.