గాజు బుడగలో గగనయానం

పాత హాలీవుడ్ సినిమాల్లో ఓ హెలికాప్టర్ కనిపిస్తుంది. ముందు పెద్ద గాజు బుడగ, వెనక గొట్టాలతో అల్లిన తోక. గాజు అంటున్నాం గానీ, నిజానికి అది ప్లాస్టిక్కే! దాని పేరు బెల్ 47.

రూపకర్త ఆర్థర్ యంగ్. అమెరికాలో పెన్సిల్వేనియా రాష్ట్రంలోని ఓ కొట్టంలో, చిన్న చిన్న నమూనాలతో ఏళ్ల తరబడి కుస్తీ పట్టాడు. అప్పట్లో హెలికాప్టర్‌తో పెద్ద చిక్కు, గాల్లో నిలకడ. యంగ్ ఏం చేశాడు? రెక్కలకు అడ్డంగా ఓ కడ్డీ బిగించాడు. దాని రెండు కొసలకూ బరువులు పెట్టాడు. యంత్రం ఒరిగినా, గిర్రున తిరిగే ఆ కడ్డీ వెంటనే ఒరగదు. రెక్కల కోణాన్ని సరిచేసి, ఊగిసలాటను అదుపులో పెడుతుంది. గుర్తుంచుకోండి, అసలు కిటుకు ఆ కడ్డీలోనే ఉంది.

1946 మార్చిలో బెల్ 47కు అమెరికాలో పౌర వినియోగానికి అనుమతి దక్కింది. అలా దక్కిన తొలి హెలికాప్టర్ ఇదే. ఇక పొలాలకు మందు చల్లడం, సర్వేలు, పోలీసు గస్తీ... అన్నింటికీ వాడారు.

కొరియా యుద్ధంలో మాత్రం దీని పని వేరు. లోపల చోటేదీ? క్షతగాత్రుల స్ట్రెచర్లను బయటే, చెరోపక్కా బిగించేవారు. గతుకుల దారిలో గంటలు పట్టే ప్రయాణం నిమిషాల్లో ముగిసేది. అలా వేలమంది ఆసుపత్రికి చేరారు.

ఇటలీ, జపాన్, బ్రిటన్ కూడా లైసెన్సు తీసుకుని దీన్ని తయారు చేశాయి. న్యూయార్క్‌లోని ఆధునిక కళా మ్యూజియం అయితే, ఒకదాన్ని ఏకంగా కళాఖండంగానే సేకరించుకుంది.