చౌక టికెట్టు – దివాలా తీసిన విమానము

పూర్వము దూరప్రయాణము చేయువారు వర్జ్యము చూచుకొనెడివారు. నేడు టికెట్టు ధర చూచుకొనుచున్నారు. అందులో తప్పు లేదు. పూర్వపు కరీంనగరు, ఆదిలాబాదు జిల్లాల నుండి దుబాయికి, మస్కటుకు పనికై పోవువారికి వేయి రూపాయల తేడా చిన్నది కాదు. జగిత్యాలవారైనను, నిర్మల్‌వారైనను విమానమెక్కుటకు శంషాబాదుకో, ముంబయికో పోవలసినదే. అట్టివారికి చౌక విమానములు అక్కరకు వచ్చినవి. అయితే విమాన సంస్థయే కూలిన నాడు వారి గతి యేమి?

2023 మే 2వ తేదీన గో ఫస్ట్ సంస్థ, అప్పులు తీర్చలేనని ఢిల్లీలోని జాతీయ కంపెనీ లా ట్రిబ్యునలును ఆశ్రయించెను. మరునాటి నుండి విమానములు ఆగినవి. ఇంజనులు అందక సగము విమానములు నేలపైనే నిలిచినవని సంస్థ చెప్పుకొనెను. రెండు మూడు దినములే ఆపుచున్నామని తొలుత ప్రకటించిరి. ఆ విమానములు మరల లేవనే లేదు. 2025 జనవరిలో ఆస్తులమ్మి అప్పులు తీర్చుటకు ఉత్తరువైనది. 2012లో కింగ్‌ఫిషర్, 2019లో జెట్ ఎయిర్‌వేస్ విమానములును ఇట్లే ఆగినవి.

టికెట్టు కొనుట సరకు కొనుట వంటిదని మనము తలంతుము. నిజమునకు ప్రయాణదినము వరకు సంస్థకు వడ్డీ లేని అప్పు ఇచ్చుచున్నాము. 2016 నాటి దివాలా స్మృతి ప్రకారము, ఆస్తులమ్మగా వచ్చిన సొమ్ము ముందుగా ఆ వ్యవహారపు ఖర్చులకు, పిదప తాకట్టు గల బ్యాంకులకు, కార్మికుల బకాయిలకు చెందును. ప్రయాణికుడు పంక్తి చివర కూర్చున్నవాడు. వడ్డన అక్కడికి వచ్చునప్పటికి గిన్నెలో ఏమి మిగులును?

పోవునది సొమ్ము మాత్రమే కాదు. రెండేండ్లకు దొరకిన సెలవులో చెల్లెలి పెండ్లికి రావలసినవాడు అక్కడనే చిక్కుకొనును. పనిలో చేరు గడువు దాటిన బ్రతుకుతెరువుకే ముప్పు. అప్పటికప్పుడు వేరు టికెట్టు కొనవలెనన్న ధర ఆకాశమంటును.

బ్రిటనులో 2017లో మోనార్క్ సంస్థ కూలినపుడు ప్రభుత్వమే విమానములు కుదిర్చి, ప్రయాణికులను ఇండ్లకు చేర్చెను. అట్టి రక్ష మనవారికిని ఉండవలెనని మేము కోరుచున్నాము.

అంతవరకు మన జాగ్రత్తలో మనముండవలెను. ఏజెంటుకు నగదు ఇచ్చిన రశీదు తప్పక పుచ్చుకొనవలెను. క్రెడిట్ కార్డుతో కొన్నవారు, సేవ అందలేదని బ్యాంకుకు వ్రాసి సొమ్ము తిరిగి కోరవచ్చును. దానికి గడువు గలదు గనుక జాగు చేయరాదు. బాకీ రావలసినవారు దరఖాస్తు చేయవలెనని ప్రకటన వెలువడినచో, మొత్తము స్వల్పమైనను మానక పంపవలెను. ముహూర్తమునకును, పనిలో చేరు దినమునకును ముందు రెండు మూడు దినముల వ్యవధి ఉంచుకొనవలెను. చౌక టికెట్టు కొనవద్దని మేము చెప్పము. అది చేతనున్నంత మాత్రమున ప్రయాణము సిద్ధించినట్లు కాదని మాత్రము మరువరాదు.