మేకపాలతో సబ్బు: మా అవ్వ పెట్టిన షరతు
(ఆదివాసీ దినోత్సవ సభలో యువతతో చేసిన ప్రసంగ పాఠం)

 

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఇవాళ ఆగస్టు 9. ఈ వేదిక మీద హక్కుల గురించి, భాష గురించి మాట్లాడేవాళ్లు ఉన్నారు. నన్ను మాత్రం సబ్బు గురించి చెప్పమన్నారు. నవ్వకండి. ఆ సబ్బు మా ఇంట్లో మూడు నెలలు గొడవ పెట్టింది.

మాది శబరి ఒడ్డున ఒక చిన్న కోయ ఊరు. డిగ్రీ అయ్యాక ఇంటికొచ్చి ఖాళీగా ఉన్న రోజుల్లో, మేకపాల సబ్బు చేయడం ఫోన్‌లో చూశాను. పట్నంలో మంచి ధర పలుకుతుందని విన్నాను. మాకు మేకలు ఉన్నాయి, ఇప్పనూనె ఉంది, ఇంకేం కావాలి అనుకున్నాను. గిన్నె పట్టుకుని దొడ్లోకి వెళ్తుంటే అవ్వ అడ్డం వచ్చింది. "ఆ పాలు పిల్లవే. నీ ఒంటికి రుద్దుకోవడానికా తల్లి ఇచ్చింది?" అంది.

మీలో చాలామంది ఇళ్లలోనూ ఈ మాట విని ఉంటారు. మన పెద్దలు పశువును దున్నడానికి వాడారు, పండగకు కోశారు గానీ, పాలు పితికి అమ్ముకునే అలవాటు పెట్టుకోలేదు. పాలు దూడకీ మేకపిల్లకీ వదిలేశారు. దాన్ని కొందరు వెనకబాటు అన్నారు. నేనూ ఆ రోజు అలాగే అనుకుని అవ్వ మీద విసుక్కున్నాను. మన నాటు మేక ఇచ్చేదే కొంచెం పాలు, అందులో మనం తీసినంతా పిల్ల నోటి దగ్గరనుంచి తీసిందే అన్న లెక్క నాకు తర్వాత గానీ తట్టలేదు.

అవ్వ చివరికి ఒప్పుకుంది, షరతు మీద. రెండు పిల్లలు ఈనిన మేకను ముట్టకూడదు. జున్నుపాలు అసలు తీయకూడదు. పిల్ల ఆకు మేయడం బాగా అలవాటయ్యాకే, అదీ అది తాగి పక్కకు పోయాకే, మిగిలింది పట్టుకోవాలి. అలా పట్టుకుంటే నాకు దొరికింది ఒక గ్లాసు. తమాషా ఏమిటంటే, సబ్బుకు అదే సరిపోతుంది. ఏడు సబ్బులకు 150 గ్రాముల పాలు చాలు. లీటర్లు పితకాల్సిన పని ఇది కాదు.

ఇక పని చెప్తాను. రాసుకునేవాళ్లు రాసుకోండి.

సబ్బు అంటే నూనె, క్షారం కలిసి మారిపోయిన పదార్థం. మన పాతవాళ్లు బూడిద నీళ్లతో బట్టలు ఉతికినప్పుడు వాడుకున్నదీ క్షారమే. గట్టి సబ్బుకు మాత్రం కాస్టిక్ సోడా కావాలి. ఇక్కడ గ్లాసు కొలతలు, చెంచా కొలతలు పనికిరావు. గ్రాముల తూకం యంత్రం లేకపోతే ఈ పని మొదలుపెట్టొద్దు. ఎందుకంటే ఒక్కో నూనె ఒక్కో లెక్క అడుగుతుంది. కిలో కొబ్బరినూనె సబ్బుగా మారడానికి సుమారు 183 గ్రాముల సోడా పడుతుంది. ఆముదానికి 128 చాలు. ఇప్పనూనెకు 133 దగ్గర పెట్టుకుంటాను. కొబ్బరినూనె లెక్కతో ఇప్పనూనె సబ్బు చేస్తే మిగిలిన సోడా చర్మాన్ని తినేస్తుంది.

నేను చేసేది: కొబ్బరినూనె 250 గ్రాములు, ఇప్పనూనె 200, ఆముదం 50. దీనికి సోడా 74 గ్రాములు. పూర్తి లెక్క కన్నా సుమారు 6 శాతం తక్కువ అది. ఆ మేరకు నూనె మిగిలి చర్మానికి మెత్తదనం ఇస్తుంది. కొబ్బరినూనె నురగకు, ఇప్పనూనె గట్టిదనానికి, ఆముదం ఆ నురగ నిలవడానికి.

పాలను ముందురోజే ఐసు గడ్డలు చేయాలి. ఇది మర్చిపోవద్దు. సోడా తగిలితే పాలు ఒక్కసారిగా వేడెక్కుతాయి, పాలలోని చక్కెర మాడి గోధుమరంగుకు తిరుగుతుంది, ముక్కు పగిలే వాసన వస్తుంది. నా మొదటి తడవ అలాగే పోయింది. గడ్డలున్న గిన్నెను చల్లనీళ్ల తొట్టిలో పెట్టి, సోడాను చెంచాతో కొంచెం కొంచెంగా పాలమీద వేస్తూ కలపాలి. సోడా మీద పాలు పోయడం మాత్రం ఎప్పుడూ వద్దు, చిమ్ముతుంది.

నా చేతి మీద ఈ మచ్చ చూడండి. ఇంట్లో కనబడిన అల్యూమినియం గిన్నెలో కలిపాను. సోడా అల్యూమినియాన్ని తినేస్తుంది, మండే గ్యాసు పుడుతుంది. గిన్నె బుసబుసా పొంగి నల్లబడింది, ఒక చుక్క మణికట్టు మీద పడింది. స్టీలు గిన్నె గానీ, మందమైన ప్లాస్టిక్ గిన్నె గానీ వాడండి. చేతులకు గ్లౌజులు, కళ్లకు అద్దాలు, నిండు చేతుల చొక్కా. చిన్నపిల్లలు, కోళ్లు, మేకలు దగ్గరకు రాకూడదు. ఒంటి మీద పడితే వెంటనే నీళ్లు, చాలాసేపు ధారగా నీళ్లు. నిమ్మరసం, వెనిగర్ రాయొద్దు. కంట్లో పడితే కడుగుతూనే ఆసుపత్రికి పరుగెత్తాలి.

నూనెలు కరిగించి గోరువెచ్చగా అయ్యాక సోడా పాలు వడకట్టి పోసి కలపాలి. చేత్తో గంట పైనే పట్టొచ్చు, బ్లెండర్ ఉంటే కొన్ని నిమిషాలు. గరిటె ఎత్తి గీత గీస్తే ఆ గీత పైన నిలవాలి, అదే గుర్తు. అచ్చులో పోసి చల్లటి చోట పెట్టాలి. పాల సబ్బును దుప్పటి కప్పి వేడి చేయకూడదు. ఒకటి రెండు రోజులకు కోసి, వెదురు తడక మీద నీడలో నాలుగు నుంచి ఆరు వారాలు ఆరబెట్టాలి. ఈ ఆరు వారాలు ఓపిక పట్టలేకే చాలామంది ఈ పని వదిలేస్తారు.

ఇప్పుడు ఒక నిజం. మేకపాల సబ్బు మచ్చలు పోగొడుతుంది, తామర తగ్గిస్తుంది అని చెప్పి అమ్మేవాళ్లున్నారు. మీరు చెప్పొద్దు. మేకపాలలో కొవ్వు ఉంది, నురగ మెత్తగా ఉంటుంది, మా ఇంట్లో చలికాలం చర్మం పగలడం కొంత తగ్గింది. నేను చెప్పగలిగింది అంతే. పాలు పోసినా సబ్బు సబ్బే, దాని క్షారగుణం పోదు. తామర ఉన్నవాళ్లు డాక్టరు దగ్గరకు వెళ్లాలి.

అమ్మాలనుకుంటే ఇంకో సంగతి. ఇంట్లో వాడుకోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. అమ్మకానికి చేయాలంటే 2020 కాస్మెటిక్స్ రూల్స్ ప్రకారం రాష్ట్ర ఔషధ నియంత్రణ శాఖ లైసెన్సు ఉండాలి. ఒక్కరు చేసేది కాదది, సంఘంగా చేసేది. 1956లో పుట్టిన గిరిజన సహకార సంస్థ మన అటవీ సరుకు కొంటుంది, సబ్బులూ అమ్ముతుంది. 2018లో మొదలైన వన్ ధన్ కేంద్రాల ఉద్దేశం కూడా సరుకును మనమే వస్తువుగా మార్చుకోవడం. వెళ్లి అడగండి. అడక్కుండా ఊరికే తిట్టుకుంటూ కూర్చోవద్దు.

నన్ను కుదురుగా ఉండనివ్వనిది మాత్రం సంత. ఇప్పగింజలు ఏరుతాం, ఎండబెడతాం, పగలగొడతాం, పలుకులు తట్టలో మోసుకుపోయి వాళ్లు చెప్పిన ధరకు ఇచ్చేస్తాం. ఇప్పనూనె సబ్బుల కంపెనీలకు ఎప్పటినుంచో ముడిసరుకు. అదే సంతలో, అదే తట్టలో, సబ్బు కొనుక్కుని ఇంటికొస్తాం. ఎన్నేళ్లుగానో. ఈ ఏడు మా ఇంట్లో పలుకులు అమ్మలేదు, గానుగ పట్టించాం.

అవ్వ ఇప్పటికీ తలకు కుంకుడుకాయే వాడుతుంది. నా సబ్బు వాసన చూసి, "ఇప్పనూనె కంపు పోలేదు" అంటుంది. అయినా కాళ్లు కడుక్కునే రాయి మీద ఒక ముక్క ఉంటుంది. అది ఎలా అరిగిపోతోందో నేను అడగను.

అచ్చులు, తూకం, పాల గడ్డలు తెచ్చాను. భోజనాలయ్యాక వేపచెట్టు కింద చేసి చూపిస్తాను. గ్లౌజులు నాలుగు జతలే ఉన్నాయి. ముందు వచ్చినవాళ్లు చేస్తారు, మిగతావాళ్లు పది అడుగుల దూరంలో నిలబడి చూడండి. జోహార్.